ఎంజైమును ఎంత గట్టిగా పట్టుకోవాలి?

తిరుపతిలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ రెండో సంవత్సరం చదువుతున్నప్పుడు, ఒక ఉదయం ప్రయోగశాల ఫ్రిజ్ తెరిచి, ముందు రోజు సాయంత్రం భద్రంగా పెట్టిన బీకరును వెలుతురులోకి తెచ్చి చూశాను. అందులో ఉండవలసినవి గుండ్రటి తెల్లటి పూసలు. ఉడికిన సగ్గుబియ్యం గింజల్లా, ఒక్కొక్కటి దాదాపు మూడు మిల్లీమీటర్ల మందంతో, నాలుగు వందలకు పైగా లెక్కపెట్టి మరీ పెట్టినవి. వాటికి బదులు బీకరు అడుగున జావలాంటి మసక ద్రవం మాత్రమే మిగిలి ఉంది. ఈస్టు నుంచి తీసిన ఇన్వర్టేజ్ అనే ఎంజైమును, అంటే రసాయన చర్యను వేగవంతం చేసే ఒక ప్రొటీనును, నేను ఆ పూసల్లో బంధించాను. మూడు వారాల పని ఒక్క రాత్రిలో కరిగిపోయింది.

కారణం తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. సోడియం ఆల్జినేట్ అనేది సముద్రపు నాచు నుంచి తీసే జిగురు. దానిలో ఎంజైమును కలిపి, సిరంజితో చుక్కచుక్కగా కాల్షియం క్లోరైడు ద్రావణంలోకి వదిలితే, ప్రతి చుక్కా ఆ ద్రావణాన్ని తాకగానే గడ్డకట్టి పూస అవుతుంది, ఎందుకంటే కాల్షియం అయాన్లు ఆల్జినేటు పోగుల మధ్య చేరి వాటిని ఒకదానితో ఒకటి ముడివేస్తాయి. ఆ పూసలను కడిగి నిల్వ ఉంచడానికి నేను అలవాటు కొద్దీ ఫాస్ఫేట్ బఫరు, అంటే పీహెచ్‌ను (పులుపు కొలతను) మారకుండా నిలిపే ద్రావణం, వాడాను. ఫాస్ఫేటు కాల్షియాన్ని ఎక్కడున్నా తనవైపు లాక్కుంటుంది. రాత్రంతా అది ముడులన్నీ ఒక్కొక్కటిగా విప్పేసింది, పూస మళ్ళీ జిగురైపోయింది. బీకరులో కనిపించిన ఆ మసక కాల్షియం ఫాస్ఫేటు. ఇన్వర్టేజ్ బాగా పనిచేసేది 4.5 నుంచి 5 పీహెచ్ దగ్గర గనుక అసిటేట్ బఫరు తీసుకొని, అందులో కొద్దిగా కాల్షియం క్లోరైడు కలిపి ఉంటే పూసలు నిలిచేవి. ఇది తెలిసినవారికి చిన్న సంగతి. నాకు మాత్రం ఆ రోజు నుంచి ఒక ప్రశ్న వెంటపడింది: ఎంజైమును పట్టుకొని ఉంచడం అంటే అసలు ఏమిటి, ఎంత గట్టిగా పట్టుకోవాలి? ఈ విద్యను మా ప్రయోగశాలల్లో అందరూ ఇమ్మొబిలైజేషన్ అనే అంటారు, పుస్తకాల తెలుగులో స్థిరీకరణ అంటారు. ఇప్పుడు చిత్తూరులో డిగ్రీ విద్యార్థులకు పాఠం చెబుతూ, వీలైనప్పుడల్లా ఇదే పని చేస్తున్నాను కాబట్టి, తెలిసినంతవరకు ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

ఇన్వర్టేజ్‌ను ఎంచుకోవడానికి ఒక ఇంటి కారణం ఉంది. మా నాయన పూతలపట్టు వైపు చాలా ఏళ్ళు చెరకు పండించి, గానుగ ఆడించి, బెల్లం వండించాడు. ఇన్వర్టేజ్ చేసే పని చక్కెరను, అంటే సుక్రోజును, గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడగొట్టడం. ఆ మాట చెప్పినప్పుడు నాయన కాసేపు ఆలోచించి, "కోసిన చెరకు రెండు మూడు దినాలు నిలవుంటే పాకం అచ్చు కట్టదమ్మా, జిగటజిగటగా ఉండి కారిపోతాది. ఇదేనా ఆ పని?" అన్నాడు. అదే. కోసిన చెరకులో దాని సొంత ఇన్వర్టేజ్, దానికి తోడు చేరిన సూక్ష్మజీవులు సుక్రోజును విరిచేస్తాయి, విరిగిన చక్కెర స్ఫటికం కట్టదు. రసంలో సున్నపు తేట పోయడానికి ఉన్న కారణాల్లో రసంలోని పులుపును తగ్గించి ఈ విరుగుడును ఆపడం ఒకటి. బెల్లం వండేవాడికి శత్రువైన ఈ ఎంజైమే ఎంజైము శాస్త్రానికి మొదటి స్నేహితుడు: 1913లో మైకేలిస్, మెంటెన్ అనే శాస్త్రవేత్తలు ఎంజైము వేగాన్ని లెక్కగట్టే తమ ప్రసిద్ధ సమీకరణాన్ని రాబట్టింది దీని మీద ప్రయోగాలతోనే. 1916లో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో నెల్సన్, గ్రిఫిన్ అనే ఇద్దరు ఈ ఇన్వర్టేజ్‌నే బొగ్గు పొడికి అంటించి, అలా అంటుకొని ఉండి కూడా అది చక్కెరను విరుస్తూనే ఉందని చూపారు. స్థిరీకరణ చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు.

ఎంజైమును ఒకదానికి అంటించవలసిన అవసరం ఎందుకు వచ్చిందంటే, నీళ్ళలో కలిపిన ఎంజైము ఒక్కసారికే పనికి వస్తుంది. పని అయ్యాక అది తయారైన సరుకులోనే కలిసిపోయి ఉంటుంది. దాన్ని విడిగా తీయడం కష్టం, ఉంచడం ఇష్టం ఉండదు కాబట్టి వేడిచేసి చంపేస్తారు. ఖరీదైన పనివాడిని తెచ్చి, ఒక్క పూట పని చేయించుకొని పంపేసినట్టు ఉంటుంది. దాన్ని ఏదైనా ఘనపదార్థానికి కట్టి ఉంచితే సరుకు ప్రవహించి వెళ్ళిపోతుంది, ఎంజైము ఉన్నచోటే ఉంటుంది. పైగా కట్టి ఉంచిన ఎంజైము చాలాసార్లు వేడికి, రసాయనాలకు ఎక్కువగా ఓర్చుకుంటుంది, ఎందుకంటే ఎంజైము చెడిపోవడమంటే దాని మడతలు విడిపోవడమే, నాలుగు వైపులా కట్టి ఉన్న మడత తేలికగా విడిపోదు.

నా ఆల్జినేటు పూసలు బఫరు మార్చాక నిలిచాయి, కానీ రెండు లోపాలు బయటపడ్డాయి. మొదటిది, ఆల్జినేటు వలలోని కన్నాలు ఎంజైము కన్నా పెద్దవి, కాబట్టి కడిగిన ప్రతిసారీ కొంత ఇన్వర్టేజ్ జారిపోతూనే ఉండేది. అందుకే ఆల్జినేటులో చాలామంది విడి ఎంజైముకు బదులు ఈస్టు కణాలనే యథాతథంగా బంధిస్తారు. రెండవది మరింత ముఖ్యమైనది. మూడు మిల్లీమీటర్ల పూస నడిబొడ్డున కూర్చున్న ఎంజైము దగ్గరికి చక్కెర చేరాలంటే జిగురు గుండా నెమ్మదిగా ఇంకుతూ పోవాలి, దారిలో పై పొరలోని ఎంజైములే దాన్ని విరిచేస్తాయి. లోపలి ఎంజైముకు పని దొరకదు. ఇంకడానికి పట్టే కాలం దూరానికి వర్గంగా పెరుగుతుంది, అంటే దూరాన్ని పదోవంతుకు తగ్గిస్తే కాలం నూరోవంతుకు తగ్గుతుంది. వాహకాన్ని, అంటే ఎంజైమును మోసే పదార్థాన్ని, చిన్నది చేయాలన్న ఆలోచనకు మూలం ఇదే.

చిన్నదైతే మరొక లాభం ఉంది. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఘనాన్ని ఊహించుకోండి, దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. అదే పదార్థాన్ని 10 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు) ఘనాలుగా కోయగలిగితే అన్నింటి ఉపరితలం కలిపి 600 చదరపు మీటర్లు అవుతుంది. మన లెక్కలో దాదాపు పదిహేను సెంట్ల నేల. చక్కెర ముక్కంత పదార్థంలో ఒక ఇల్లు కట్టి పెరడు వదులుకోగలిగినంత జాగా ఉందన్నమాట, ఎంజైములన్నీ ఆ జాగాలోనే కుదురుకోవచ్చు. ఒక్కో ఎంజైము పరిమాణం సాధారణంగా 3 నుంచి 10 నానోమీటర్లు, కాబట్టి ఈ రేణువులు, ఎంజైములు ఇంచుమించు ఒకే తూకం మనుషులు.

నేను ఎక్కువగా వాడేవి అయస్కాంత రేణువులు. వాటి తయారీని మొదటిసారి చూసినవారు మరచిపోరు. ఫెర్రస్, ఫెర్రిక్ లవణాలను ఒకటికి రెండు పాళ్ళలో నీళ్ళలో కరిగిస్తే ద్రవం నారింజ, గోధుమ కలగలిసిన రంగులో ఉంటుంది. దాన్ని కలుపుతూ అమ్మోనియా పోయగానే, పోసినచోటి నుంచి నలుపు పుట్టి చూస్తుండగానే గ్లాసంతా కాటుక నీళ్ళలా మారిపోతుంది. ఆ నలుపంతా మాగ్నటైటు అనే ఇనుప ఆక్సైడు రేణువులే, ఒక్కొక్కటి పది నానోమీటర్ల ప్రాంతంలో ఉంటుంది. గ్లాసు పక్కన అయస్కాంతం పెడితే నలుపు మొత్తం ఒక గోడకు చేరి, ఒకటి రెండు నిమిషాల్లో నీళ్ళు తేటపడతాయి. అయస్కాంతం తీసి కదిపితే మళ్ళీ కలిసిపోతుంది. ఇంత చిన్న రేణువులు అయస్కాంతం దగ్గర ఉన్నంతసేపే అయస్కాంతాలుగా ప్రవర్తిస్తాయి, తీసేయగానే ఆ గుణాన్ని వదిలేస్తాయి కాబట్టి ఒకదానికొకటి అతుక్కుపోవు. వడపోతకు దొరకనంత చిన్నదాన్ని తిరిగి పట్టుకోవడానికి ఇంతకన్నా సులభమైన దారి నాకు తెలియదు.

ఎంజైమును ఈ రేణువుకు కట్టే విధానాన్ని విద్యార్థులకు చెప్పడానికి నేను శ్రీకాళహస్తి కలంకారీనే ఆశ్రయిస్తాను. అక్కడ బట్టమీద నేరుగా రంగు వేయరు. ముందు బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. తరువాత ఇనుప తుక్కును బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీసిన కసీంతో గీత గీస్తే, ఇనుము కరక్కాయలోని టానిన్‌తో కలిసి బట్టమీదే నల్లబడి నిలిచిపోతుంది. ఎరుపు పట్టాలంటే ముందు పటిక పూయాలి. రంగుకు, నూలుకు మధ్య ఒక మధ్యవర్తి ఉండాలి, ఒక చేత్తో నూలును, మరొక చేత్తో రంగును పట్టుకోవాలి. మా పనిలో ఆ మధ్యవర్తి గ్లుటరాల్డిహైడ్. అది ఐదు కార్బన్ల చిన్న గొలుసు, రెండు కొసల్లోనూ ఆల్డిహైడ్ కొక్కెం ఉంటుంది. రేణువు మీద ముందుగా అమైనో సిలేన్ పొర వేస్తే గ్లుటరాల్డిహైడు ఒక కొక్కెం అక్కడ తగులుకుంటుంది, రెండో కొక్కెం ఎంజైము ఒంటిమీద ఉన్న లైసీన్ అమైనో ఆమ్లాన్ని పట్టుకుంటుంది.

అయితే ఇక్కడే నా మొదటి ప్రశ్న తిరిగి వస్తుంది. గ్లుటరాల్డిహైడు ఎక్కువ పోస్తే ఎక్కువ ముడులు పడతాయి, ఒక్క ఎంజైము కూడా జారిపోదు. కానీ ఎంజైము రాయి కాదు. అది పని చేసేటప్పుడు కొద్దిగా విచ్చుకొని, ముడుచుకొని, సబ్‌స్ట్రేటును, అంటే తాను మార్చవలసిన పదార్థాన్ని, లోపలికి తీసుకొని వదులుతుంది. ముడులు మితిమీరితే ఆ కదలిక ఆగిపోతుంది, లేదా ముడి నేరుగా పని జరిగే క్రియాస్థానం పక్కనే పడి దారి మూసేస్తుంది. మొదట్లో నేను చేసిన రేణువుల్లో ఎంజైము దాదాపు మొత్తం పట్టుకొంది, పని మాత్రం నామమాత్రంగా జరిగింది. ప్రాణం ఉన్నదాన్ని పట్టుకొన్నానా, బొమ్మను పట్టుకొన్నానా అన్నది ఆ అంకెలు చూశాక గాని అర్థం కాలేదు. అందువల్ల రేణువుమీద ఎంత ఎంజైము ఎక్కిందన్న అంకెను ఎవరు గొప్పగా చెప్పినా నేను తొందరపడి సంతోషించను. ఎక్కినదానిలో ఎంత పని చేస్తోంది, కడిగిన నీళ్ళలో ఎంత జారిపోయింది, ఈ రెండూ పక్కన ఉంటేనే ఆ అంకెకు అర్థం. మా విద్యార్థులకు మొదటి రోజే చెప్పే నియమం కడిగిన నీళ్ళను పారబోయకూడదని. ఆ నీళ్ళలో చక్కెర వేసి, డీఎన్ఎస్ ద్రావణం పోసి మరిగిస్తారు. పసుపు రంగు ఎర్రటి గోధుమ రంగుకు తిరిగిందంటే గ్లూకోజు పుట్టిందని, అంటే ఎంజైము జారిపోయిందని తెలుస్తుంది.

కొక్కేలు లేకుండా పట్టుకొనే మార్గాలూ ఉన్నాయి. ఎస్‌బీఏ-15 అనే సిలికాను 1998లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో తయారుచేశారు. దానిలో తేనెపట్టు గదుల్లాంటి వరుస గొట్టాలు ఉంటాయి, గొట్టాల వెడల్పును 5 నుంచి 30 నానోమీటర్ల మధ్య కావలసినట్టు అమర్చుకోవచ్చు. ఎంజైముకు సరిపోయే గొట్టం ఎంచుకుంటే అది లోపల ఒదిగి కూర్చుంటుంది. అంతకు ముందు 1992లో వచ్చిన ఎంసీఎం-41 అనే సిలికా గొట్టాలు చాలా ఎంజైములకు ఇరుకు. ఇంకొక దారి, ఎంజైము చుట్టూ గూడునే కట్టడం. జింకు అయాన్లను, మిథైల్ ఇమిడజోల్‌ను ఎంజైము ఉన్న నీళ్ళలో కలిపితే ఎంజైమును మధ్యలో పెట్టుకొని జడ్‌ఐఎఫ్-8 అనే స్ఫటికం దానంతట అదే పెరుగుతుందని 2015లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపారు. శంఖం లోపలి జీవి చుట్టూ చిప్ప కట్టుకున్న తీరు గుర్తుకు వస్తుంది. ఆ గూడు వేడిని, ప్రొటీన్లను తినే ఎంజైములను బాగా అడ్డుకుంటుంది. కానీ దాని కిటికీలు 0.34 నానోమీటర్లే కాబట్టి చిన్న అణువులు తప్ప లోపలికి పోలేవు. ఇంకొక సంగతి చదివినప్పుడు నా పాత బీకరు కళ్ళముందు మెదిలింది: ఫాస్ఫేట్ బఫరులో ఈ గూడు కూడా చెదిరిపోతుంది, ఆల్జినేటులో కాల్షియాన్ని లాక్కున్నట్టే ఇక్కడ జింకును ఫాస్ఫేటు లాక్కుంటుంది. రక్తంలో ఫాస్ఫేటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దీన్ని మందుగా వాడదలచినవారికి ఇది చిన్న చిక్కు కాదు. అదే ఫాస్ఫేటు రాగితో కలిసినప్పుడు మాత్రం ఎంజైములకు మేలు చేసింది. ప్రొటీన్ ఉన్న ఫాస్ఫేట్ బఫరులో రాగి సల్ఫేటు కలిపితే రెక్కలు విచ్చిన పువ్వుల్లాంటి సూక్ష్మ రూపాలు పెరుగుతాయని, వాటిలో ఇమిడిన ఎంజైము చురుగ్గా ఉంటుందని 2012లో స్టాన్‌ఫర్డ్‌లో జేర్ బృందం ప్రకటించింది. ఒకచోట విప్పేదే మరొకచోట కట్టింది.

పరిశ్రమ ఈ విద్యను ఎప్పుడో అందిపుచ్చుకొంది. 1969లో జపానులోని తనాబే సెయియాకు కంపెనీలో ఇచిరో చిబాతా బృందం అమైనోఅసైలేజ్ ఎంజైమును రెసిన్‌కు అంటించి అమైనో ఆమ్లాలను వేరుచేసే పనిని కర్మాగార స్థాయిలో మొదలుపెట్టింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థలో ఈ రంగానికి పునాది వేసినవారిలో ఒకరైన ఎఫ్రాయిమ్ కట్జీర్ 1973లో ఆ దేశాధ్యక్షుడు కూడా అయ్యారు. పరిమాణంలో నేటికీ అతి పెద్ద వాడకం గ్లూకోజ్ ఐసోమరేజ్‌దే. మొక్కజొన్న నుంచి తీసిన గ్లూకోజు పాకాన్ని దాదాపు 60 డిగ్రీల వేడిలో ఎంజైము నింపిన స్తంభాల గుండా పంపితే 42 శాతం ఫ్రక్టోజు ఉన్న తియ్యటి పాకం వస్తుంది, ఒక్కసారి నింపిన ఎంజైము నెలల తరబడి పనిచేస్తుంది. ఇటలీలో మిలాన్ నగరపు పాల కేంద్రం 1970ల్లోనే లాక్టేజ్‌ను సెల్యులోజు పోగుల్లో బంధించి పాలలోని లాక్టోజును విరిచింది.

అన్నింటిలో నాకు ఎక్కువ గౌరవం పెన్సిలిన్ కథమీద. ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులకు మూలమైన 6-ఏపీఏ అనే పదార్థాన్ని పెన్సిలిన్ జీ నుంచి తీయడానికి ఒకప్పుడు ద్రవాన్ని సున్నాకన్నా 40 డిగ్రీలు కిందికి చల్లబరిచి, ఫాస్ఫరస్ పెంటాక్లోరైడు, డైక్లోరోమీథేన్ వంటి ప్రమాదకర రసాయనాలు వాడేవారు. పెన్సిలిన్ అసైలేజ్‌ను పూసలకు కట్టి ఉంచిన తరువాత అదే పని నీళ్ళలో, గోరువెచ్చటి వేడిలో జరుగుతోంది, ఒకే పూసలను వందలసార్లు వాడుతున్నారు. మనం మింగే అమాక్సిసిలిన్ గుళిక వెనుక ఇలా కట్టి ఉంచిన ఒక ఎంజైము ఉండే అవకాశం ఎక్కువ.

గమనించవలసింది ఏమిటంటే, ఈ విజయాల్లో వాడినవి నానో రేణువులు కావు, ఎక్కువగా కంటికి కనిపించే పూసలు, పోగులు. నానో రేణువులను స్తంభంలో కూరితే ద్రవం పోవడానికి దారి ఉండదు, పీడనం పెరిగిపోతుంది. చిన్నదైన కొద్దీ గొప్పదనే భావం మా రంగంలో బాగా పాతుకుపోయింది, దాన్ని నేను ఒప్పుకోను. చిన్న వాహకం తన విలువను నిరూపించుకొన్నది ముఖ్యంగా వైద్యంలోను, పరీక్షా పరికరాల్లోను.

ఇది కూడా నాయన అడిగిన ప్రశ్నతోనే నాకు స్పష్టమయింది. ఆయనకు పన్నెండేళ్ళుగా మధుమేహం ఉంది. ఒకరోజు వేలికి సూది గుచ్చి, పరికరంలో పెట్టిన స్ట్రిప్పు కొసకు రక్తపు బొట్టు తాకిస్తుంటే, "ఈ పుల్లకు ఎట్ల తెలస్తాదిమ్మా, నా నెత్తురులో ఎంత చక్కెర ఉండాదో?" అని అడిగాడు. ఆ స్ట్రిప్పు కొసన ఒక సన్నటి కాలువ ఉంటుంది, అది చిన్న రక్తపు బొట్టును తానే పీల్చుకుంటుంది. కాలువ అడుగున ఎలక్ట్రోడు మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ గాని, గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ గాని పొడి పొరగా ఎండబెట్టి ఉంటుంది. రక్తం తగలగానే ఎంజైము మేల్కొని గ్లూకోజు నుంచి ఎలక్ట్రాన్లను తీసి మధ్యవర్తి రసాయనానికి ఇస్తుంది, అది వాటిని ఎలక్ట్రోడుకు మోసుకుపోతుంది, కొన్ని సెకన్లలో ఆ విద్యుత్తును కొలిచి పరికరం అంకె చూపుతుంది. 1962లో లీలండ్ క్లార్క్ ఆక్సిజన్ ఎలక్ట్రోడు ముందు పొరల మధ్య గ్లూకోజ్ ఆక్సిడేజ్‌ను నిలిపి ఉంచవచ్చని చెప్పిన ఆలోచనే ఈ పుల్లకు పూర్వరూపం. నాయన స్ట్రిప్పుల డబ్బీ మూత సరిగా పెట్టకుండా వంటింటి కిటికీ దగ్గర ఉంచేవాడు. పొడిగా నిద్రపోతున్న ఎంజైముకు తేమ, చిత్తూరు మే నెల వేడి రెండూ చేటేనని, అందుకే డబ్బీ మూతలో తేమ పీల్చే పదార్థం పెడతారని చెప్పాక, ఇప్పుడు ఆ డబ్బీ చప్పుడయ్యేదాకా మూత నొక్కి, గదిలోని చెక్క అల్మరాలో పెడుతున్నాడు.

శరీరం లోపలికి పంపే ఎంజైముల సమస్య వేరు. పిల్లల్లో వచ్చే ఒక రకం రక్తకాన్సరు కణాలు ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లాన్ని తమకు కావలసినంత తయారుచేసుకోలేవు, రక్తం నుంచి తీసుకుంటాయి. ఆస్పరాజినేజ్ ఎంజైమును ఎక్కిస్తే రక్తంలోని ఆస్పరాజిన్ నశించి ఆ కణాలు ఆకలితో చస్తాయి. కానీ అది బాక్టీరియా నుంచి తీసిన ప్రొటీన్, మన రక్షణ వ్యవస్థ దాన్ని గుర్తుపట్టి తరిమేస్తుంది, కొందరు పిల్లలకు తీవ్రమైన అలెర్జీ వస్తుంది. పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే పొడవాటి మెత్తటి పోగులను ఎంజైముకు తగిలిస్తే అవి నీటిని పట్టుకొని దాని చుట్టూ తెరలా నిలుస్తాయి. అలా తయారైన పెగాస్పార్గేజ్‌కు 1994లో అమెరికాలో అనుమతి వచ్చింది. మామూలు ఎంజైము రక్తంలో సగానికి తగ్గడానికి ఒక రోజుకు కాస్త ఎక్కువ పడితే దీనికి ఐదు రోజులకు పైనే పడుతుంది. పిల్లవాడికి సూది పోట్లు ఎన్ని తగ్గుతాయో ఆలోచిస్తే ఆ తేడా విలువ తెలుస్తుంది. అంతకు చాలా ముందే, 1957లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో థామస్ చాంగ్ అనే విద్యార్థి పలుచటి పొర సంచుల్లో ఎంజైములను నింపి కృత్రిమ కణాలన్నాడు. 1968లో ఆయన బృందం కాటలేజ్ లోపించిన ఎలుకలకు ఆ సంచుల్లో కాటలేజ్‌ను ఇచ్చి, లోపాన్ని పూడ్చవచ్చని చూపింది. లోపలి ఎంజైము బయటికి రాదు, బయటి ప్రతిరక్షకాలు లోపలికి పోవు, చిన్న అణువులు మాత్రం వచ్చి పోతుంటాయి. గట్టిగా పట్టుకోకుండానే వదలకపోవడమంటే ఇదేనని నాకు అనిపిస్తుంది.

ఇక మా ఊరి సంగతి. జూన్, జూలై నెలల్లో చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. మామిడి గుజ్జును పలుచటి తేట రసంగా మార్చాలంటే పెక్టినేజ్ కావాలి. గుజ్జును చిక్కగా, మసకగా ఉంచేది పెక్టిన్, దాన్ని ఈ ఎంజైము ముక్కలు చేస్తే రసం పలచబడి తేటపడుతుంది. ప్రపంచంలో పండ్ల రసాలు తీసే చాలాచోట్ల దీన్ని వాడతారు, ఎక్కువగా నీళ్ళలో కలిపి, ఒక్కసారికే. రేణువులకు కట్టి మళ్ళీ మళ్ళీ వాడుకోలేమా అన్నది సహజంగా వచ్చే ఆలోచన. కానీ ఏ రేణువు? పెక్టిన్ చాలా పొడవైన అణువు, అది ఎస్‌బీఏ-15 గొట్టాల్లోకి దూరదు, జడ్‌ఐఎఫ్-8 కిటికీ దరిదాపుల్లోకి కూడా రాదు. గుజ్జులోని పీచు పూసల స్తంభాన్ని ఒక్క గంటలో మూసేస్తుంది. కాబట్టి కన్నాలు లేని, పైపైనే ఎంజైము మోసే, చిక్కటి ద్రవం నుంచి కూడా లాగి తీయగలిగే వాహకం కావాలి. అంటే అయస్కాంత రేణువు. చక్కెర విషయంలో నేను ఆశించిన చిన్న పరిమాణం ఇక్కడ నిజంగా అవసరమయింది.

అయినా మరొక అడ్డంకి ఉంది, అది మా ఇంటి వంటగదిలోనే కనిపిస్తుంది. ఆవకాయకు కాయలు కొట్టేటప్పుడు ఇనుప కత్తి నల్లబడుతుంది, ముక్క అంచుకు కూడా ఆ నలుపు అంటుతుంది. మామిడిలోని టానిన్లు పుల్లటి రసంలో కరిగిన ఇనుముతో కలిసి చేసే నలుపు అది, శ్రీకాళహస్తి బట్టమీద కసీం గీసే గీతకు చుట్టం. మాగ్నటైటు కూడా ఇనుమే. పుల్లటి రసంలో అది ఏ కొద్దిగా కరిగినా బంగారు రంగు రసం మాసిపోతుంది, తాగేవారి కడుపులోకి పోయే సంగతి సరేసరి. అందువల్ల రేణువు చుట్టూ సిలికా పొరను ఎక్కడా చిల్లు లేకుండా వేసి, ఆ పొరమీదే కొక్కేలు తగిలించాలి. పొర మందమైతే అయస్కాంతపు లాగుడు బలహీనపడుతుంది, పలుచనైతే ఇనుము బయటపడుతుంది. ఇప్పుడు మేము కుస్తీ పడుతున్నది ఈ మందంతోనే.

నేను చదివిన ప్రయోగాల్లో చాలావరకు సీసాలో కొన్న శుద్ధమైన పెక్టిన్‌తో చేసినవే. పదిసార్లు వాడినా ఇంత శాతం మిగిలిందని రాస్తారు, ఆ పదిసార్లూ కలిపి కొన్ని గంటలు కూడా కాకపోవచ్చు. గుజ్జు ఫ్యాక్టరీలో పని చేసే ఒక బంధువును, మీకు ఎలాంటిది కావాలని అడిగితే, "సీజన్లో రాత్రీ పగలూ మెషిన్ ఆగదు వదినా, వారం దినాలు ఆగకుండా పని చేసేదైతే చెప్పు" అన్నాడు. నా దృష్టిలో అదే సరైన కొలత. తిరుపతిలో 1954 నాటి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983లో మొదలైన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉంది, 2015లో ఐఐటీ, ఐసర్ రెండూ వచ్చాయి. ఈ ఫ్యాక్టరీలకు అక్కడి నుంచి బస్సులో రెండు గంటల దూరం. ఆ ప్రయోగశాలల బల్లల మీదికి శుద్ధ పెక్టిన్‌తో పాటు ఒక్క బకెట్టు అసలైన తోతాపురి గుజ్జు చేరాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

మా కళాశాలలో ఈ ఏడాది మూడు మందాల సిలికా పొరలతో రేణువులు సిద్ధం చేశాము. పెక్టినేజ్ ఎక్కించి, కడిగిన నీళ్ళను మూడుసార్లు పరీక్షించాము, మూడోసారి డీఎన్ఎస్ పసుపుగానే ఉంది. మొదటి కాయలు గుజ్జుకు రావడానికి ఇంకా ఏడు వారాలు ఉంది. అంతవరకు రేణువులు ఫ్రిజ్‌లో అసిటేట్ బఫరులో ఉంటాయి, సీసామీద బఫరు పేరును నేనే పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.